అడవి పిల్లి కడుపులో సంకరం



సిద్దిపేట చుట్టుపక్కల చెరువు శిఖాల్లో తుంగ ఒత్తుగా పెరిగిన చోట, పొద్దుగూకే వేళ గట్టు మీద ఓపిగ్గా నిలబడితే ఒక్కోసారి ఆ జంతువు కనబడుతుంది. ఊరి పిల్లి కంటే కాళ్ళు పొడుగు. తోక పొట్టి, దాని కొసన నల్లటి వలయాలు. చెవుల చివర సన్నటి నల్ల వెంట్రుకలు. ఒళ్ళంతా ఎండు గడ్డి రంగు. అలికిడైతే ఒక్క క్షణం ఆగి మనవైపు చూసి, మక్కచేనులోకి జారుకుంటుంది. అదే అడవి పిల్లి. పేరులో అడవి ఉంది గానీ దానికి దట్టమైన అడవి అక్కర్లేదు. ఎలుకలు దండిగా ఉండి, పగలు తలదాచుకోవడానికి ఇంత పొద ఉంటే చాలు. రాతి గుట్టల దిక్కు పోతే ఇంకా చిన్న పిల్లి ఒకటుంది. ఒంటి మీద తుప్పు రంగు మచ్చలు, బరువు మహా అయితే కిలోన్నర చిల్లర. ప్రపంచంలోని పిల్లి జాతులన్నిటిలో అతి చిన్నవాటిలో అదొకటి. ఇక చిరుత సంగతి మీకు తెలిసిందే. ఏ గుట్ట పక్కనో లేగదూడను ఎత్తుకుపోయిందంటే మర్నాడు పేపర్లో వస్తుంది.

ఈ జంతువుల పేగుల్లో కాపురం పెట్టే ఒక పరాన్నజీవి గురించి ఇవాళ మాట్లాడుకుందాం. దాని పేరు టాక్సోప్లాస్మా గోండీ. ఒకే ఒక్క కణం. మామూలు కంటికి కనబడదు. మన నేలకు దాని చుట్టాలు కొత్త కాదు. మలేరియా క్రిమి దీనికి దాయాది. 1897లో రొనాల్డ్ రాస్ ఆ క్రిమిని దోమ కడుపులో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఇంకో దాయాది గజ్వేల్, వర్గల్ దిక్కు కోళ్ళ ఫారాలు నడిపేవాళ్ళకు బాగా తెలుసు. కోడిపిల్లలు రక్తం కలిసిన రెట్ట వేస్తూ ముడుచుకు కూర్చుంటే కాక్సీడియోసిస్ వచ్చిందని మందు కలుపుతారే, ఆ రోగాన్ని తెచ్చేది కూడా ఈ కుటుంబమే.

ఈ కుటుంబంలో టాక్సోప్లాస్మాకు ఒక ప్రత్యేకత ఉంది. మలేరియా క్రిమికి ఫలానా దోమ, ఫలానా జంతువు అని పట్టింపు. కోడిలో ఉండే కాక్సీడియా కోడిని దాటి పోదు. టాక్సోప్లాస్మా అట్లా కాదు. ఎలుక, మేక, కోడి, పంది, పావురం, మనిషి, తిమింగలం, వేడి రక్తమున్న ఏ జీవి ఒంట్లోనైనా దూరగలదు. దూరి కండల్లో, మెదడులో చిన్న చిన్న తిత్తులు కట్టుకుని ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. కానీ ఆడ మగ రూపాలు దాల్చి, కలిసి, గుడ్లు పెట్టాలంటే మాత్రం దానికి పిల్లి పేగే కావాలి. ఊరి పిల్లి కావచ్చు, పులి కావచ్చు, అమెరికా కొండ సింహం కావచ్చు, పిల్లి కుటుంబానిదై ఉండాలి. నా లెక్కలో దీని కథంతా ఈ ఒక్క పట్టింపులోనే ఉంది.

ఈ సంగతి తేలడానికి అరవై ఏళ్ళు పట్టింది. 1908లో ట్యునీషియాలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో నికోల్, మాన్సో అనే ఇద్దరు గుండి అనే ఒక ఎడారి చిట్టెలుకలో దీన్ని చూశారు. అదే ఏడాది బ్రెజిల్‌లో స్ప్లెండోరే అనే ఆయన కుందేట్లో చూశాడు. తరవాత పసిపిల్లల మెదడులో దొరికింది, గొర్రెల పిండాల్లో దొరికింది. పచ్చి మాంసం తింటే వస్తుందన్నది అర్థమైంది. మరి గడ్డి తప్ప ఇంకేదీ ముట్టని గొర్రెకు ఎట్లా వస్తోంది? మాంసం వాసనే పడని శాకాహారికి ఎట్లా వస్తోంది? దీనికి జవాబు లేదు.

1965లో గ్లాస్గోలో హచిసన్ అనే శాస్త్రవేత్త, టాక్సోప్లాస్మా సోకిన ఎలుకలను పిల్లికి పెట్టి, ఆ పిల్లి మలాన్ని నీళ్ళలో ఏడాదికి పైగా నిలవ ఉంచాడు. ఆ నీళ్ళతో మళ్ళీ ఎలుకలకు జబ్బు పుట్టింది. అన్నాళ్ళు నీళ్ళలో నానినా చావనిది ఏమై ఉంటుంది? ఆ పిల్లి కడుపులో నులిపురుగులు కూడా ఉన్నాయి. ఆ పురుగు గుడ్డు లోపల దాక్కుని టాక్సోప్లాస్మా ప్రయాణం చేస్తోందని ఆయన అనుకున్నాడు. వినడానికి బాగానే ఉంది గానీ నిలబడలేదు. పురుగుల్లేని పిల్లుల మలం కూడా జబ్బు తెస్తోందని తేల్చినవాళ్ళలో మనవాడు ఒకడున్నాడు. జితేందర్ దూబే. మధ్యప్రదేశ్‌లోని మ్హౌ పశువైద్య కళాశాలలో 1960లో పట్టా పుచ్చుకుని, ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లో డాక్టరేట్ చేసి, అమెరికాలో కాన్సస్‌లో ఫ్రెంకెల్ అనే ఆచార్యుడి దగ్గర చేరాడు. 1969, 70ల్లో వీళ్ళూ, ఇంకో రెండు మూడు బృందాలూ దాదాపు ఒకేసారి అసలు గుడ్డును పట్టుకున్నారు. మిల్లీమీటరులో నూరో వంతు ఉంటుందది. శాస్త్రంలో ఊసిస్ట్ అంటారు, మనం గుడ్డు అనే చెప్పుకుందాం. పిల్లుల్లేని పసిఫిక్ దీవుల్లో మనుషుల రక్తం పరీక్షిస్తే ఈ జబ్బు జాడ దాదాపు లేదని వాలెస్ అనే పరిశోధకుడు చూపించడంతో అనుమానం తీరిపోయింది.

పిల్లి పేగులోనే ఎందుకు? దీనికి జవాబు 2019లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. మన పొద్దుతిరుగుడు నూనెలో దండిగా ఉండే లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థాన్ని మిగతా జంతువుల పేగులు ఒక ఎంజైముతో మారుస్తాయి. పిల్లుల పేగులో ఆ ఎంజైము పనిచేయదు. కాబట్టి అక్కడ లినోలిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఆ పేరుకున్న కొవ్వే టాక్సోప్లాస్మాకు సంతానం కనమని సైగ. ఆ బృందం ఎలుకల్లో ఆ ఎంజైమును మందుతో అణిచి, లినోలిక్ ఆమ్లం తినిపించింది. ఎలుక పేగులో కూడా గుడ్లు పుట్టాయి! ఇంత పెద్ద చిక్కుముడి వంటనూనెలో ఉండే పదార్థం దగ్గర విడిపోవడం నాకైతే ముచ్చటేసింది.

ఇక అసలు విషయానికి వద్దాం. టాక్సోప్లాస్మా అంతా ఒకే రకం కాదు. రకానికీ రకానికీ జన్యువుల్లో తేడా ఉంది, ఆ తేడాతో పాటు ఉగ్రతలోనూ తేడా ఉంది. 1995లో హోవ్, సిబ్లీ అనే ఇద్దరు, యూరప్, ఉత్తర అమెరికాల నుంచి వచ్చిన నమూనాలను చూసి, వాటిలో అత్యధికం మూడే వంశాలని చెప్పారు. ఒకటో రకం, రెండో రకం, మూడో రకం. ప్రయోగశాల ఎలుకకు ఒకటో రకం పరాన్నజీవి ఒక్కటి ఎక్కించినా చాలు, చచ్చిపోతుంది. రెండో రకమైతే వెయ్యి దాకా కావాలి. మూడో రకమైతే లక్ష దాకా ఎక్కించాలి. చూడబోతే ఒకే జీవి. ఉగ్రతలో మాత్రం లక్ష రెట్ల తేడా.

ఈ వైవిధ్యం ఎక్కడ పుడుతుందో సిద్దిపేట రైతుకు చెప్పడం తేలిక. మక్క విత్తనం పండించేవాళ్ళు ఆడ వరుసలు, మగ వరుసలు వేరుగా వేసి, ఆడ వరుసల మగ పూత కోసేస్తారు. అట్లా కోయకుంటే తన పుప్పొడి తన కంకి మీదే పడి విత్తనం పాడైపోతుందని భయం. టాక్సోప్లాస్మాకు పూత కోసేవాడెవడూ లేడు. పిల్లి పేగులోకి ఒకే రకం చేరితే, ఆ ఒక్క రకమే ఆడదీ మగదీ రెండూ అయి తనలో తానే కలుస్తుంది. పుట్టే గుడ్లన్నీ ముమ్మూర్తులా దానిలాంటివే. రెండు రకాలు ఒకేసారి చేరితేనే సంకరం జరిగి, అంతకు ముందు లేని కొత్త రకం పుడుతుంది. పైగా వ్యవధి తక్కువ. పిల్లి సాధారణంగా జీవితంలో మొదటిసారి సోకినప్పుడే, అదీ ఒకటి నుంచి మూడు వారాల పాటే గుడ్లు విడుస్తుంది. విడిచినన్ని రోజులు కోట్ల సంఖ్యలో విడుస్తుంది. తరవాత రోగనిరోధక శక్తి వచ్చి మళ్ళీ విడవడం అరుదు. కాబట్టి ఆ కొద్ది రోజుల్లోనే రెండు వేర్వేరు రకాలున్న వేటలు దాని కడుపులో పడాలి.

ఇంటి చుట్టూ తిరిగే పిల్లికి ఆ అవకాశం తక్కువ. అది తినే ఎలుకలూ పిట్టలూ ఒకే వాడకట్టువి, వాటిలో తిరిగేది ఒకటో రెండో రకాలు. అడవిలో తిరిగే పిల్లి అట్లా కాదు. ఇవాళ ఎలుక, రేపు కంజు పిట్ట, ఎల్లుండి కుందేలు. దాని కడుపు సంకరానికి అనువైన చోటు. ప్రపంచ పటం మీద చూసినా ఇదే కనబడుతుంది. 2012లో ఒక అంతర్జాతీయ బృందం 956 నమూనాలను పరీక్షించి 138 జన్యురూపాలను గుర్తించి, వాటిని 15 గుంపులుగా, ఆరు పెద్ద కొమ్మలుగా పెట్టింది. యూరప్, ఉత్తర అమెరికాల్లో ఒకే నమూనా మళ్ళీ మళ్ళీ వచ్చింది. దక్షిణ అమెరికా దగ్గరికి వచ్చేసరికి ఒక దానికీ ఇంకో దానికీ పోలికే లేదు. జాగ్వార్లు, ఓసెలాట్లు అనే పిల్లి జాతులు తిరిగే అడవులు అవి.

యూరప్, ఉత్తర అమెరికాల్లో ఒకే నమూనా కనబడటానికి ఊరి పిల్లి కూడా ఒక కారణం. పది వేల ఏళ్ళ క్రితం పశ్చిమాసియాలో గింజల గాదెల దగ్గర ఎలుకల కోసం చేరిన పిల్లి, ఓడలెక్కి ప్రపంచమంతా పోయింది. దానితో పాటు దానికి బాగా అలవాటుపడిన కొన్ని వంశాలూ పోయాయి. 2022లో వచ్చిన ఒక అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. ఒకటవ ఏ క్రోమోజోములోని ఒక ముక్క ప్రపంచవ్యాప్తంగా ఊరి పిల్లుల వెంట తిరిగే రకాల్లో దాదాపు ఒకేలా ఉంది, అడవి రకాల్లో అది లేదు. ఆ ముక్క ఉన్న రకాలే ఊరి పిల్లి ద్వారా సులువుగా వ్యాపిస్తాయని వాళ్ళ ఊహ. ఊళ్ళో ఒక లోకం, అడవిలో ఒక లోకం అన్నమాట.

ఆ రెండు లోకాలు తగులుకున్న చోట ఏమవుతుందో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా వైద్యులు చూశారు. మామూలుగా ఆరోగ్యవంతుడికి టాక్సోప్లాస్మా సోకితే నాలుగు రోజులు జ్వరం, మెడ దగ్గర బిళ్ళలు కట్టడం, చాలామందికి అదీ ఉండదు. అక్కడి అడవుల్లో వేటమాంసం సరిగ్గా ఉడకకుండా తిన్న, వాగు నీళ్ళు తాగిన ఆరోగ్యవంతులు ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యారు. వాళ్ళలో దొరికినవి మామూలు మూడు వంశాలేవీ కావు, అడవి రకాలు. పక్కనున్న సురినామ్‌లో పటాం అనే పల్లెలో 2003, 2004ల మధ్య ఈ జబ్బు ఒక్కసారిగా విరుచుకుపడి, ఒక పెద్ద మనిషితో పాటు ఒక పసికందు, ఒక గర్భస్థ శిశువు ప్రాణాలు కూడా తీసింది.

ఉత్తర అమెరికాలో ఇంకో కథ. 1995లో కెనడాలోని విక్టోరియా నగరంలో తాగునీటి జలాశయం ద్వారా టాక్సోప్లాస్మా వ్యాపించింది. నూరు మంది రోగులను గుర్తించారు, నిజంగా సోకింది వేలల్లో ఉంటుందని లెక్కగట్టారు. ఆ జలాశయం చుట్టూ ఊరి పిల్లులూ తిరుగుతాయి, కొండ సింహాలూ తిరుగుతాయి. ఆ ఏడాదే కెనడా కొండ సింహాల్లో ఒక అరుదైన రకం దొరికింది. దానికి కౌగ్ అని పేరు పెట్టారు. ఇరవై ఐదేళ్ళ తరవాత, 2020 నుంచి 2022 మధ్య, కాలిఫోర్నియా తీరానికి నాలుగు సముద్రపు నీటికుక్కలు చచ్చి కొట్టుకొచ్చాయి. ఒంట్లోని కొవ్వు పొరలన్నీ వాచిపోయి ఉన్నాయి, లోపల లెక్కకు మించిన పరాన్నజీవులు. రకం చూస్తే కౌగ్. కాలిఫోర్నియా తీరంలో అంతకు ముందు ఎన్నడూ చూడనిది. వానకు కొండల మీద మలం కొట్టుకొచ్చి కాలువల్లో పడి, సముద్రంలో కలిసి, నత్తలూ గవ్వలూ తినే జంతువు దాకా వచ్చిందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. ఈ వార్త చదివినప్పుడల్లా నాకు కాకినాడ పక్కన కోరంగి మడ అడవులు గుర్తొస్తాయి. అక్కడ చేపలు పట్టే బావురు పిల్లీ ఉంది, నీటికుక్కా ఉంది. రెండూ ఒకే బురదలో తిరుగుతాయి.

ఇన్ని చెప్పాక, అడవి రకం అంటే రాక్షస రకం అనే మాట మీకు తోచి ఉంటుంది. నా అభిప్రాయం వేరు. దీన్ని చెప్పడానికి నీలగిరుల కిందకు, మసినగుడికి పోవాలి.

ముందు ఒక సందేహం. టాక్సోప్లాస్మాకు కావలసింది ఎలుక బతికి ఉండి, మెదడులో తిత్తులు కట్టి, రేపో మాపో పిల్లి నోట పడటం. ఎలుకను మూడో రోజో వారం రోజులకో చంపేస్తే దానికే నష్టం. మరి ఒక్క కణంతో ఎలుకను చంపే ఒకటో రకం లోకంలో ఎట్లా బతికి బట్టకట్టింది? 2013లో జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయంలో జోనాథన్ హోవార్డ్ బృందం దీనికి జవాబు వెతికింది. అందరూ వాడే తెల్ల ఎలుకలను పక్కన పెట్టి, వేర్వేరు దేశాల్లో పట్టిన ఇంటి ఎలుకల సంతతిని తీసుకుంది. వాటిలో ఒక వంశం తమిళనాడులో మసినగుడి దగ్గర పట్టింది. ముదుమలై పులుల అడవిని ఆనుకుని ఉన్న ఊరది. పులి, చిరుత, అడవి పిల్లి అన్నీ తిరిగే చోటు. ఆ మసినగుడి ఎలుకకు అత్యంత ఉగ్రమైన ఒకటో రకం ఎక్కిస్తే, అది హాయిగా బతికింది!

ఎట్లా? ఎలుక కణాల్లో టాక్సోప్లాస్మా చుట్టూ చేరి దాని గూడును చీల్చే ప్రోటీన్ల గుంపు ఒకటుంది. ఉగ్ర రకం తన దగ్గరున్న రెండు మూడు ప్రోటీన్లతో వాటిని కట్టిపడేస్తుంది. మామూలు ప్రయోగశాల ఎలుకలో ఆ కట్టు పనిచేస్తుంది, ఎలుక చస్తుంది. మసినగుడి ఎలుకలో ఆ గుంపులోని ఒక ప్రోటీను రూపు మారి ఉంది. టాక్సోప్లాస్మా ఆయుధాన్ని అదే పట్టుకుని అడ్డుకుంటుంది. మిగతావి తమ పని తాము చేసుకుపోతాయి. ఇలాంటి ఎలుక ఒంట్లో మెత్తటి రకాలకు నిలువ నీడ దొరకదు, ఉగ్ర రకమే మిగిలి తిత్తులు కట్టగలదు. అంటే ఉగ్రత అనేది ఆ రకం ఒక్కదాని గుణం కాదు. ఏ రకం, ఏ జంతువులో అన్న రెండూ కలిపి చూస్తేనే దానికి అర్థముంది. పులుల అడవి పక్కన తరతరాలుగా పెరిగిన ఎలుకకు అది మామూలు రకం. అమెరికా ప్రయోగశాలలో గాజు తొట్టెలో పుట్టిన తెల్ల ఎలుకకు ప్రాణాంతకం.

అవతలి వైపు నుంచి చూసినా ఇంతే. ఒకప్పుడు పిల్లులే లేని ఆస్ట్రేలియాలో పెరిగిన కంగారూ జాతులు, మడగాస్కర్ లీమర్లు దీనికి ఇట్టే చచ్చిపోతాయి. ఆశ్చర్యమేమంటే పిల్లి కుటుంబంలోనే ఒకటుంది అట్లాంటిది. మన లడఖ్‌లోనూ ఉండే మనుల్ అనే పల్లాస్ పిల్లి. ఎత్తైన, చలిగా, పొడిగా ఉండే బయళ్ళలో గుడ్లు నిలవవు కాబట్టి దానికి ఈ పరాన్నజీవితో పరిచయం తక్కువ. జంతు ప్రదర్శనశాలల్లోకి తెచ్చి పెంచితే దాని కూనలు టాక్సోప్లాస్మాతోనే పెద్ద సంఖ్యలో పోయాయి.

ఒకటో రకంలో అన్నిటికంటే పేరు మోసిన నమూనా ఒకటుంది. 1939లో అమెరికాలో సిన్సినాటిలో ఆల్బర్ట్ సాబిన్ ఒక బాలుడి నుంచి సేకరించింది. అవును, పోలియో చుక్కల మందు సాబినే. ఆనాటి నుంచి ప్రపంచమంతా ప్రయోగశాలల్లో ఎలుక నుంచి ఎలుకకు దాన్నే ఎక్కించుకుంటూ వచ్చారు. ఇన్నేళ్ళూ పిల్లి మొహం చూడకుండా పెరిగి, ఇప్పుడది పిల్లికి పెట్టినా గుడ్లు పెట్టలేదు.

మనుషుల సంగతి ఇంకో రకం. ఎలుకకున్న ఆ ప్రోటీన్ల గుంపు మనకు దాదాపు లేదు. మనం దాన్ని వేరే దారుల్లో ఎదుర్కొంటాం. కాబట్టి ఎలుకను చంపే రకం మనల్నీ చంపుతుందని నేరుగా లెక్క వేయకూడదు. పత్రికల్లో ఎక్కువగా వచ్చేది ఎలుకకు పిల్లి భయం పోతుందనే కథ. 2000లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు చూపించిన మాట నిజమే. అక్కడి నుంచి మనిషి బుద్ధి కూడా అట్లాగే మారుతుందని అల్లుకుంటూ పోవడం మాత్రం నాకు నచ్చదు.

మన ఆడపడుచులకు నచ్చినా నచ్చకున్నా ఎదురయ్యేది టార్చ్ టెస్టు. రెండు సార్లు గర్భం పోతే డాక్టరు రాస్తారు. అందులో మొదటి అక్షరం టాక్సోప్లాస్మాదే. రిపోర్టులో ఐజీజీ పాజిటివ్ అని చూడగానే ఇంట్లో గందరగోళం మొదలవుతుంది. పాలు పోసి పెంచుకున్న పిల్లిని గోనెసంచిలో కట్టి ఊరవతల వదిలి వస్తారు. ఐజీజీ అనే యాంటీబాడీ ఒక్కటే ఉందంటే ఎప్పుడో సోకి తగ్గిపోయిందని అర్థం. దక్షిణాది ఆడవాళ్ళలో అట్లాంటివాళ్ళు తక్కువేమీ కాదు. 2014లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనంలో పిల్లలు కనే వయసున్న 1,464 మంది రక్తం చూస్తే మొత్తం మీద 22.4 శాతం మందిలో యాంటీబాడీలున్నాయి. పొడి నేల ఎక్కువున్న పశ్చిమాన 8.8 శాతం, దక్షిణాదిలో 37.3 శాతం. పాత సోకుడు మళ్ళీ మళ్ళీ గర్భం పోగొడుతుందన్నది సరైన మాట కాదు. ప్రమాదం గర్భంతో ఉన్నప్పుడు మొదటిసారి సోకితేనే. ఎప్పుడు సోకిందో ఐజీఎం, ఐజీజీ ఎవిడిటీ పరీక్షలు చూసి వైద్యులు తేల్చాలి. పిల్లిని ఊరవతల వదిలితే తేలదు. అది విడిచిన గుడ్డు కూడా వెంటనే సోకదు, బయట పడ్డాక ఒకటి నుంచి ఐదు రోజులకు గానీ పక్వానికి రాదు. ఏ రోజుకారోజు ఎత్తిపోస్తే, ఆ పని గర్భిణి కాకుండా ఇంకొకరు చేస్తే, ఇంటి పిల్లితో పేచీ లేదు. కూరగాయలు కడగడం, మాంసం లోపలి దాకా ఉడికించడం, పెరట్లో మట్టి పని చేశాక చేతులు కడుక్కోవడం, వీటిలోనే ఉంది జాగ్రత్త.

నీళ్ళ మాట మరిచిపోకూడదు. క్లోరిన్‌కు ఈ గుడ్డు చావదు. కాచితే చస్తుంది. 2004లో మొదలై కోయంబత్తూరులో, మన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన ఊళ్ళో, చూపు మసకబారిందంటూ జనం అరవింద్ కంటి ఆసుపత్రికి వరుస కట్టారు. 248 మందిలో కంటి టాక్సోప్లాస్మోసిస్ బయటపడింది. పురపాలక సంఘం సరఫరా చేసే నీళ్ళ వైపే వేలు చూపింది ఆ అధ్యయనం.

మన సిద్దిపేటకు వస్తే, పాతికేళ్ళ కిందట ఇది పొడి నేల. మే నెల ఎండకు చెలక మట్టిలో ఏ గుడ్డూ ఎక్కువ రోజులు నిలవదు. తడి మట్టిలో అయితే ఏడాదికి పైగా బతుకుతుంది. 2020 ఏప్రిల్‌లో రంగనాయక సాగర్, మే నెలలో కొండపోచమ్మ సాగర్, 2022 ఫిబ్రవరిలో మల్లన్న సాగర్ జలాశయాలు ప్రారంభమయ్యాయి. రైతుకు రెండో పంట వచ్చింది, కొంగలు వచ్చాయి, గట్ల వెంట తుంగ వచ్చింది, తుంగలోకి ఎలుకలు, ఎలుకల వెంట అడవి పిల్లులు వస్తాయి. నీళ్ళు రావడం మంచిదే. నీళ్ళతో పాటు తడి మట్టి కూడా వచ్చిందని జ్ఞాపకం పెట్టుకుంటే చాలు.

మన దేశంలో తిరిగే రకాల గురించి తెలిసిందాంట్లో చాలా భాగం నాటు కోళ్ళు చెప్పిందే. కోడి రోజంతా నేల పొడుస్తుంది కాబట్టి మట్టిలో ఏముంటే అది దాని గుండెలో, మెదడులో చేరుతుంది. దూబే ఈ కిటుకుతోనే దేశదేశాల కోళ్ళు పరీక్షించాడు. 2003లో ఆయన బృందం మహారాష్ట్ర, తమిళనాడుల నుంచి ఏడు వందలకు పైగా పెరటి కోళ్ళను చూసి, దొరికిన కొన్ని నమూనాల్లో రెండో రకాన్నీ మూడో రకాన్నీ గుర్తించింది. అవి ఊరి కోళ్ళు, ఊరి పిల్లుల లోకం. అడవి పిల్లి తిరిగే చెరువు గట్టుకు ఆనుకుని ఉన్న పెరట్లో కోడి ఏం చెబుతుందో అది వేరే ప్రశ్న. రెండిటినీ ఒకే పల్లెలో పక్కపక్కన చూడాలన్నది నా కోరిక. హైదరాబాద్ అత్తాపూర్‌లో అంతరించిపోతున్న జీవుల ప్రయోగశాల లాకోన్స్ ఉంది, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, మన ములుగులోనే అటవీ కళాశాల ఉంది. చేతులు కలిపితే కష్టమైన పనేమీ కాదు.

దీనికి ఏ జంతువునూ చంపనక్కర్లేదు. వేరే దేశాల్లో అడవి పిల్లుల నుంచి దొరికిన నమూనాల్లో చాలా భాగం రోడ్డు మీద బండ్ల కింద పడి చచ్చిన వాటి నుంచే వచ్చాయి. గుండె కండ ఒక ముక్క, నాలుక ఒక ముక్క చాలు. అందులోంచి డీఎన్ఏ తీసి పది జన్యు గుర్తులు చదివితే ఏ వంశమో తెలుస్తుంది. రాజీవ్ రహదారి మీద రాత్రిళ్ళు బండి నడిపేవాళ్ళు తెల్లారేసరికి పక్కన పడి ఉన్న పొడుగు కాళ్ళ మట్టి రంగు పిల్లిని చూసే ఉంటారు. ఈసారి చూస్తే చేత్తో ముట్టకండి, అది వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. ఏ కిలోమీటరు రాయి దగ్గరో చూసుకుని, దగ్గర్లోని అటవీ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేయండి. పొద్దెక్కి ఎండ ముదిరాక చేస్తే మాత్రం ఆ కండ పనికిరాదు.